మూడో వంతు లెక్క: ఇల్లినాయ్ బార్ల పీపీపీ దరఖాస్తులతో నా అనుభవం

కరోనా కాలంలో అమెరికా ప్రభుత్వం చిన్న వ్యాపారాలకు ఇచ్చిన పీపీపీ అప్పుల (ఎక్కువ భాగం జీతాలకు వాడితే మాఫీ అయ్యేవి) దరఖాస్తులు 2020 ఏప్రిల్ 3, శుక్రవారం మొదలయ్యాయి. ఇల్లినాయ్‌లో చిన్న బార్లకూ రెస్టారెంట్లకూ పద్దులు రాసే పని నాది. వాటిలో చాలావాటికి ఒక మూలన అయిదారు వీడియో గేమింగ్ మెషీన్లు, అంటే డబ్బు వేసి పందెం ఆడే యంత్రాలు, ఉంటాయి. ఆ శుక్రవారం బ్యాంకు దరఖాస్తులో జీతాల లెక్క అడగకముందే ఒక ప్రశ్న వచ్చింది: మీ వార్షిక ఆదాయంలో మూడో వంతుకు మించి చట్టబద్ధమైన జూదం నుంచి వస్తోందా? అవునంటే దరఖాస్తు అక్కడితో ఆగిపోతుంది. ఆ ప్రశ్నను ఎలా లెక్కగట్టాలి, అది మూడు వారాల్లో రెండుసార్లు ఎలా మారింది, దాటినవాళ్ళు ఏ కాగితాలతో దాటారు అన్నది నాకు తెలిసినంత వివరంగా రాస్తున్నాను. మన తెలుగువాళ్ళు కూడా గ్యాస్ స్టేషన్లు, లిక్కర్ షాపులు, చిన్న బార్లు నడుపుతున్నారు కాబట్టి పనికొస్తుందనుకుంటాను.

ముందు మెషీన్ల సంగతి. ఇల్లినాయ్‌లో వీడియో గేమింగ్ చట్టం 2009లో వచ్చింది, మెషీన్లు తిరగడం 2012 అక్టోబరులో మొదలైంది. అక్కడే కూర్చుని తాగేందుకు లైసెన్సున్న బార్లు, రెస్టారెంట్లు, మాజీ సైనికుల క్లబ్బులు, ట్రక్ స్టాపులు వీటిని పెట్టుకోవచ్చు. ట్రక్ స్టాప్ అంటే ఏ పెట్రోలు బంకైనా కాదు. మూడెకరాల స్థలం, ట్రక్కులకు విడిగా డీజిలు పంపులు, నెలకు 10,000 గ్యాలన్ల పైన డీజిలు అమ్మకం ఉండాలి. ఒక్కో చోట అయిదు మెషీన్లే అనుమతి ఉండేది. 2019లో దాన్ని ఆరు చేశారు. మెషీన్లు బార్ యజమానివి కావు. టెర్మినల్ ఆపరేటర్ అనే లైసెన్సుదారు తెచ్చి పెడతాడు, రిపేరు అతనిదే, డబ్బు లెక్కా అతనిదే.

ఆటగాళ్ళు వేసిన డబ్బులోంచి గెలిచినవాళ్ళకు చెల్లించింది తీసేస్తే మిగిలేదాన్ని నెట్ టెర్మినల్ ఇన్‌కమ్ అంటారు. దానిమీద పన్ను 2019 జూన్ దాకా 30 శాతం, జులై 1 నుంచి 33 శాతం, 2020 జులై 1 నుంచి 2024 జూన్ దాకా 34 శాతం. పన్ను పోయాక మిగిలింది ఆపరేటర్‌కూ బార్‌కూ చెరి సగం. ఈ సగం సగం చట్టం పెట్టిన లెక్క, బేరానికి వీల్లేదు. అంటే మెషీన్లలో 100 డాలర్లు మిగిలితే 2019 మొదట్లో బార్ చేతికొచ్చేది సుమారు 35 డాలర్లే. ఈ ఒక్క విషయం తెలియక దరఖాస్తులు పోగొట్టుకున్నవాళ్ళు ఉన్నారు. ఎలాగో కింద చెబుతాను.

2020 మార్చి 16 రాత్రి 9 గంటలకు ఈ జూదాన్ని అదుపు చేసే ఇల్లినాయ్ గేమింగ్ బోర్డు రాష్ట్రమంతా మెషీన్లు ఆపించింది. అదే రాత్రి బార్లు, రెస్టారెంట్లలో కూర్చుని తినడమూ ఆగింది. పార్సిల్ మాత్రం ఇవ్వచ్చు. మెషీన్లు మళ్ళీ వెలిగింది జులై 1న. మూడున్నర నెలలు ఆ ఆదాయం సున్నా. అద్దె, కరెంటు, ఇన్సూరెన్సు మాత్రం ఏ నెలదానికానెల కట్టాల్సిందే. వంటవాళ్ళు, వెయిట్రెస్‌లు, బార్‌టెండర్లు మార్చి 17 నుంచే ఇంట్లో కూర్చున్నారు.

పీపీపీని పెట్టింది మార్చి 27న సంతకమైన కేర్స్ చట్టం. అందులో జూదం మాటే లేదు. 500 మంది లోపు ఉద్యోగులున్న ఏ వ్యాపారమైనా అన్నట్టుగానే ఉంటుంది దాని ధోరణి. మరి మూడో వంతు ఎక్కడి నుంచి వచ్చింది? బ్యాంకులిచ్చే ఈ అప్పులకు హామీ ఉండే ఎస్‌బీఏ (చిన్న వ్యాపారాల) శాఖకు పాత నిబంధనల పుస్తకం ఉంది. అందులో 13 సీఎఫ్‌ఆర్ 120.110 అనే సెక్షన్‌లో మామూలు రోజుల అప్పులకు ఎవరెవరు పనికిరారో జాబితా ఉంటుంది. (జి) అనే అంశం జూదం గురించి. ఏప్రిల్ 2 రాత్రి విడుదల చేసిన మొదటి తాత్కాలిక నిబంధన ఆ జాబితాను ఒక్క వాక్యంతో పీపీపీకి కూడా తగిలించింది. పార్లమెంటులో చర్చించి పెట్టింది కాదు, పాత జాబితా వెంట వచ్చేసింది. నా అభ్యంతరమంతా ఇక్కడే. పాత అప్పులు వ్యాపారం పెంచుకోవడానికి ఇచ్చేవి. సర్కారు హామీతో జూదగృహాలు కట్టకూడదు అంటే అర్థం ఉంది. పీపీపీ డబ్బు జీతాలకు. వంటవాడి జీతానికి హామీ ఇవ్వడానికి, ఆ బార్‌కు గల్లాపెట్టె నుంచి ఎంతొచ్చింది, మెషీన్ నుంచి ఎంతొచ్చింది అని అడగడం ఏ న్యాయమో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఇక లెక్క. ఒక నమూనా దుకాణం తీసుకుందాం. అయిదు మెషీన్లు, ఏడుగురు పనివాళ్ళు, 2019లో నెట్ టెర్మినల్ ఇన్‌కమ్ 3 లక్షల డాలర్లు, ఏడాది పొడవునా సమానంగా వచ్చిందనుకోండి. మొదటి ఆరు నెలల 1,50,000 మీద 30 శాతం పన్ను 45,000. తర్వాతి 1,50,000 మీద 33 శాతం అంటే 49,500. మొత్తం పన్ను 94,500. మిగిలిన 2,05,500లో సగం 1,02,750 బార్‌ది. మెషీన్లన్నిటినీ కలిపే సెంట్రల్ సిస్టమ్ కంప్యూటర్‌కు పోయే చిన్న ఫీజు ఇంకొంత తగ్గిస్తుంది, ఇక్కడ వదిలేస్తున్నాను. తిండి, మద్యం అమ్మకాలు సేల్స్ టాక్స్ కాకుండా 1,90,000. మొత్తం ఆదాయం 2,92,750. మెషీన్ల వాటా 35.1 శాతం. హద్దు 33.3. దరఖాస్తు పోయింది.

ఎంత తేడాతో పోయిందో చూడండి. ఈ లెక్కను చేతివేళ్ళ మీద చేసుకునే దారి ఒకటుంది: తిండి, తాగుడు అమ్మకంలో మెషీన్ల వాటా సగానికి మించితే మూడో వంతు దాటినట్టే. 1,90,000లో సగం 95,000. ఈ దుకాణానికి వచ్చింది 1,02,750. ఎక్కువైంది 7,750. రోజుకు 21 డాలర్లు. ఏడుగురి జీతాలు ఆ 21 డాలర్ల దగ్గర ఆగిపోయాయి. "మా దగ్గర ఉన్నవి అయిదే మెషీన్లు కదండీ, మేం కేసినో ఎలా అవుతాం?" అని ఒక యజమాని అడిగారు. ఎస్‌బీఏ కరదీపికలో నిజానికి కేసినోలు, గుర్రప్పందేల లాంటివాటి సంగతి వేరే ఉంది. జూదమే పనిగా ఉన్న వ్యాపారాలకు వాటా ఎంతన్న లెక్కే లేకుండా అనర్హత. మూడో వంతు హద్దు ఇలాంటి బార్ల కోసమే. కానీ ఆ హద్దు గీసినప్పుడు ప్రతి చిన్న పట్నంలో బార్లు ఈ ఆదాయం మీద నిలబడతాయని ఎవరూ అనుకుని ఉండరు.

లెక్కలో దొర్లే తప్పులు ఎక్కువగా ఇవి. అన్నిటికంటే పెద్దది, బార్ వాటా బదులు నెట్ టెర్మినల్ ఇన్‌కమ్ మొత్తాన్ని ఆదాయంగా రాసేయడం. గేమింగ్ బోర్డు నెలవారీ నివేదికలు ఎవరైనా చూడచ్చు. ఏ దుకాణంలో ఎంత వేశారు, ఎంత గెలిచారు, ఎంత మిగిలింది, పన్నెంత అన్నీ దుకాణం పేరుతో సహా ఉంటాయి. బార్ వాటా గడి మాత్రం ఉండదు. యజమాని గాభరాలో ఆ నివేదిక తెరిచి కనిపించిన పెద్ద అంకె దింపుకుంటాడు. పై దుకాణమే అలా చేస్తే 3,00,000ను 4,90,000తో భాగించాలి, 61 శాతం వస్తుంది. 35 ఎక్కడ, 61 ఎక్కడ! హద్దును సడలించిన ఏప్రిల్ 14 నిబంధన (దాని సంగతి కింద చెబుతాను) వచ్చాక కూడా ఈ తప్పే మనిషిని బయట నిలబెట్టింది. ఆపరేటర్ ప్రతి నెలా పంపే సెటిల్‌మెంట్ స్టేట్‌మెంట్‌లోదే బార్ అసలు వాటా. అది బ్యాంకు ఖాతాలో పడిన మొత్తంతో కలవాలి, టాక్స్ రిటర్న్‌లో చూపిన అంకెతోనూ కలవాలి. మూడూ కలిస్తే ఎవరికైనా చూపించచ్చు.

రెండోది లాటరీ. టికెట్ల అమ్మకం మొత్తం మీది కాదు, కమీషనే మీది. ఆ కమీషన్ మాత్రం ఎస్‌బీఏ లెక్కలో జూదం వైపే పడుతుంది. ఏటీఎం ఫీజులో వచ్చే వాటా జూదం కాదు. మెషీన్ల గదిలోనే ఏటీఎం ఉంది కదా అని రెండూ కలిపి ఒకే పద్దులో రాసుకున్నవాళ్ళకు విడదీయడానికి రెండు రోజులు పట్టింది. మూడోది మన వాళ్ళలో ఎక్కువగా చూశాను: మెషీన్ల ఆదాయాన్ని 'ఇతర ఆదాయం' అని రాయడం. జూదం అన్న మాట మనకు ఇంట్లో పలకడానికే ఇష్టముండదు. తెలంగాణలో 2017లో ఆన్‌లైన్ రమ్మీని నిషేధించారు, ఆంధ్రప్రదేశ్‌లో 2020లో ఆన్‌లైన్ పందేలను నిషేధించారు. అలాంటి చోట పుట్టి పెరిగినవాళ్ళం, ఆ పద్దుకు ఆ పేరు పెట్టడానికి చెయ్యి రాదు. కానీ లైసెన్సు తీసుకుని, పన్ను కట్టి, బోర్డు తనిఖీలో నడిచే ఆదాయాన్ని కప్పిపెట్టే పేరుతో రాస్తే బ్యాంకు అధికారికి అనుమానం వస్తుంది. 'వీడియో గేమింగ్ వాటా' అని నేరుగా రాయడమే మేలు.

నాలుగో విషయం పెద్ద ప్రమాదం. లైసెన్సు లేని స్వీప్‌స్టేక్స్ మెషీన్లు (బహుమతి పోటీ పేరుతో నడిచే జూదం యంత్రాలు) కొన్ని దుకాణాల్లో ఉంటాయి. చట్టవిరుద్ధమైన జూదం ఆదాయం ఉన్నవాళ్ళు పూర్తిగా అనర్హులని ఏప్రిల్ 14 నిబంధన విడిగా చెప్పింది. పీపీపీ దరఖాస్తు ఫారం 2483లో చట్టవిరుద్ధమైన ఏ పనీ చేయడం లేదని సంతకంతో ధ్రువీకరించాల్సి వచ్చేది. అలాంటి మెషీన్ ఉన్న దుకాణం దరఖాస్తు నేను ముట్టుకోలేదు.

నిబంధన మారిన క్రమం ఇది. ఏప్రిల్ 14, మంగళవారం రెండో నిబంధన వచ్చింది. పాత మూడో వంతు హద్దు దాటినా సరే, గెలుపులు చెల్లించాక మిగిలిన జూదం ఆదాయం 2019లో 10 లక్షల డాలర్లు మించకపోతే, మొత్తం ఆదాయంలో 50 శాతం లోపు ఉంటే అర్హులే అన్నారు. మన 35.1 శాతం దుకాణం ఆ రోజు లోపలికొచ్చింది. అయితే బ్రాకెట్లో ఒక షరతు పెట్టారు: గెలుపులు మాత్రమే తీసేయాలి, మిగతా ఖర్చులు తీసేయకూడదు. దాన్ని చూసి కొందరు బ్యాంకువాళ్ళు పన్నునూ ఆపరేటర్ వాటానూ కూడా బార్ ఆదాయంలోనే కలపాలన్నారు. మా వాదన, ఆ రెండూ బార్ పెట్టిన ఖర్చులు కావు, బార్ చేతికి ఏనాడూ రాని డబ్బు అని. పన్నును రాష్ట్రం ఆపరేటర్ ఖాతా నుంచే లాక్కుంటుంది. ఆపరేటర్ ఒప్పందం, సెటిల్‌మెంట్ స్టేట్‌మెంట్, టాక్స్ రిటర్న్ మూడూ జతచేసి ఒక పేజీ వివరణ రాసి పంపితే ఒప్పుకున్నవాళ్ళు ఉన్నారు, ఫోను ఎత్తనివాళ్ళూ ఉన్నారు.

ఆ వాదన తేలేలోపే ఏప్రిల్ 16, గురువారం మొదటి విడత 34,900 కోట్ల డాలర్లు అయిపోయాయి. 13 రోజుల్లో. అర్హత వచ్చిన రెండు రోజులకే డబ్బు లేదు. చాలా బ్యాంకుల వెబ్‌సైట్లలో ఆ మూడో వంతు ప్రశ్న కూడా ఇంకా మారలేదు.

ఇక మెషీన్లే ప్రధానంగా, కాఫీ, శాండ్‌విచ్, వైన్ మాత్రమే అమ్మే గేమింగ్ కేఫుల పరిస్థితి ఇంకా అన్యాయం. నెట్ టెర్మినల్ ఇన్‌కమ్ 5 లక్షలు, తిండి, తాగుడు అమ్మకం 60,000 అనుకోండి. పన్ను 1,57,500 పోగా మిగిలిన 3,42,500లో సగం 1,71,250. మొత్తం ఆదాయం 2,31,250లో అది 74 శాతం. మొదటి నిబంధనలో లేదు, రెండో నిబంధనలోనూ లేదు. అక్కడ పనిచేసే నలుగురైదుగురు గంట జీతం మీద బతికేవాళ్ళే. నెవాడాలోనూ ఇదే బాధ. అక్కడ 15 మెషీన్ల దాకా పెట్టుకునే పరిమిత లైసెన్సు బార్లు మార్చి 17 అర్ధరాత్రి నుంచి జూన్ 4 దాకా మెషీన్లు ఆపేశాయి. ఆ రాష్ట్ర సెనేటర్లు, గేమింగ్ సంఘాలు, ఆదివాసీ తెగల కేసినోలు గట్టిగా అడిగాక ఏప్రిల్ 24న మూడో నిబంధన వచ్చింది. చట్టబద్ధమైన జూదం ఆదాయం ఉన్నంత మాత్రాన అనర్హత లేదు, 120.110(జి) పీపీపీకి వర్తించదు అని తేల్చేశారు. అదే రోజు పీపీపీకి మరో 31,000 కోట్ల డాలర్ల చట్టం సంతకమైంది. ఏప్రిల్ 27, సోమవారం దరఖాస్తులు మళ్ళీ తెరిచారు.

తర్వాత తేలిందేమిటంటే, ఆగస్టు 8న పథకం ముగిసేసరికి 13,000 కోట్ల డాలర్లకు పైగా ఎవరూ తీసుకోకుండా మిగిలాయి. అంటే జూదం బార్లను ఆపింది డబ్బు చాలకపోవడం కాదు. ఏప్రిల్ మూడు వారాలు, మే ఒకటో తారీఖు అద్దె, ఈలోపు వేరే పని వెతుక్కుని వెళ్ళిపోయిన వంటవాడు, ఇవీ నష్టపోయినవి.

రెండో విడతలో పని జరిగిన తీరు చెబుతాను. ఏప్రిల్ 24 నిబంధనలో జూదం గురించిన ఒక్క పేజీ అచ్చు తీసి, ఆ పేరా చుట్టూ గీత గీసి దరఖాస్తు మొదటి పేజీగా పెట్టాను. వెబ్‌సైట్ పాత ప్రశ్న దగ్గరే తిప్పి పంపితే బ్యాంకు మనిషికి ఈమెయిల్లో అదే పేజీ. అయినా కదలకపోతే చిన్న లోకల్ బ్యాంకు లేదా క్రెడిట్ యూనియన్. ఒకేసారి రెండు చోట్ల వేయకూడదు. ఒక ఈఐఎన్ (వ్యాపారం పన్ను గుర్తింపు) నంబరు మీద ఎస్‌బీఏ కంప్యూటర్ ఒక్క అప్పే ఇచ్చేది. రెండోది పోటీకి వస్తే మొదటిదీ ఇరుక్కునేది. పాత బ్యాంకు నుంచి దరఖాస్తు వెనక్కి తీసుకున్నట్టు రాతపూర్వకంగా తెప్పించుకున్నాకే కొత్త చోట వేశాం.

అప్పు లెక్క సులువుగానే ఉండేది. 2019 జీతాల మొత్తాన్ని 12తో భాగించి 2.5తో గుణించాలి. ఏడుగురికి ఏడాదికి 1,68,000 అయితే నెలకు 14,000, అప్పు 35,000. జీతాల్లో టిప్స్ కలుస్తాయి, ఇది చాలామంది వదిలేశారు. మూడు నెలలకోసారి జీతాల పన్ను లెక్క చూపే ఫారం 941లో 5సి వరుస మొదటి గడిలో జీతాలూ టిప్సూ కలిసి ఉంటాయి, నాలుగు త్రైమాసికాలవీ కూడితే చాలు. యజమాని కట్టే ఆరోగ్య బీమా, రాష్ట్ర నిరుద్యోగ పన్ను కలపచ్చు. యజమాని వైపు సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కలపకూడదు. 1099 మీద (ఉద్యోగులుగా కాక కాంట్రాక్టుకు) పనిచేసేవాళ్ళు లెక్కలోకి రారు. ఎస్-కార్పొరేషన్‌గా నమోదైన వ్యాపారం యజమానికి డబ్ల్యూ-2 జీతం (ఉద్యోగిగా తీసుకున్నది) ఒక్కటే చెల్లుతుంది, లాభంలోంచి తీసుకున్నది చెల్లదు. జతచేసినవి: నాలుగు 941లు, ఇల్లినాయ్ యూఐ-3/40 (నిరుద్యోగ బీమా) రిపోర్టులు నాలుగు, 2020 ఫిబ్రవరి 15 ఉన్న పే పీరియడ్ పేరోల్ రిజిస్టరు, ఆ నెల బ్యాంకు స్టేట్‌మెంట్, రద్దు చేసిన చెక్కు, లిక్కర్ లైసెన్సు, గేమింగ్ లైసెన్సు. చివరి రెండూ ఎవరూ అడగలేదు, అయినా పెట్టాను. ఆదాయం చట్టబద్ధమని చెప్పడానికి అంతకంటే మంచి కాగితం లేదు.

ఈఐడీఎల్ అనే విపత్తు అప్పు దారి వేరు. దానికి ఎస్‌బీఏకే నేరుగా ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేయాలి. ఆ వసంతంలో ఆ దరఖాస్తు మొదటి పేజీలోనే, ఆదాయంలో మూడో వంతుకు మించి జూదం నుంచి రావడం లేదని ధ్రువీకరించే గడి ఉండేది. పీపీపీలో నిబంధన మారింది కదా అని ఈ గడిని కూడా నొక్కేయబోయారు కొందరు. అది వేరే పథకం, వేరే నిబంధన. మనిషికి 1,000 చొప్పున 10,000 దాకా వచ్చే అడ్వాన్సు కోసం అబద్ధపు ధ్రువీకరణ చేస్తే అది తర్వాత మెడకు చుట్టుకుంటుంది. 35.1 శాతం దుకాణానికి నేను ఆ గడి నొక్కనివ్వలేదు. బాధగానే ఉంది.

డబ్బొచ్చాక మాఫీ లెక్క. మొదట ఎనిమిది వారాల్లో ఖర్చు పెట్టాలి, 75 శాతం జీతాలకే పోవాలి అన్నారు. 35,000లో 75 శాతం 26,250. ఏడుగురి మామూలు జీతం వారానికి 3,231, ఎనిమిది వారాలకు 25,846. అంటే బార్ మూసి ఉండగా, మెషీన్లు ఆగి ఉండగా, అందరికీ పూర్తి జీతమిచ్చినా ఆ హద్దు అందదు. పైగా వారానికి 600 డాలర్ల అదనపు నిరుద్యోగ భృతి వస్తున్న రోజులు, పిలిస్తే రాలేమన్నవాళ్ళూ ఉన్నారు. వాళ్ళను తప్పు పట్టను. జూన్ 5న చట్టం మార్చి గడువును 24 వారాలకు, జీతాల వాటాను 60 శాతానికి తెచ్చారు. అప్పుడు సగం మందితో నడిపినా 24 వారాలకు జీతాలు 38,769 అవుతాయి, మొత్తం అప్పు జీతాల్లోనే తీరిపోతుంది.

మనుషులు తగ్గితే మాఫీ కూడా ఆ మేరకు తగ్గుతుందన్న షరతు ఇంకొకటి. ప్రభుత్వ ఆరోగ్య ఆంక్షల వల్ల వ్యాపారం తగ్గిందని చూపగలిగితే ఆ కోత ఉండదు. గేమింగ్ బోర్డు మార్చి 16 ఉత్తర్వు, జులై 1 పునఃప్రారంభ ఉత్తర్వు, గవర్నర్ ఉత్తర్వులు ఇక్కడ పనికొచ్చాయి. ఆ తర్వాత అక్టోబరు 8న 50,000 లోపు అప్పులకు 3508ఎస్ అనే చిన్న ఫారం వచ్చింది, దాంతో మనుషులు తగ్గిన కోతే ఎత్తేశారు. తొందరపడి వేసవిలోనే పెద్ద ఫారం నింపినవాళ్ళు కోత పడ్డ లెక్కతో ఇరుక్కున్నారు, ఆగినవాళ్ళకు మేలైంది. పిలిచినా రానన్న ఉద్యోగికి పంపిన ఈమెయిల్, అతని జవాబు దాచాలి. 30 రోజుల్లోపు రాష్ట్ర నిరుద్యోగ శాఖకు తెలియజేయాల్సి ఉండేది కూడా.

2020 నవంబరు 20 నుంచి మెషీన్లు మళ్ళీ ఆగాయి. జనవరిలో ప్రాంతాలవారీగా తిరిగి తెరిచారు. అదే నెల పీపీపీ రెండోసారి అప్పు మొదలైంది. దీనికి షరతు, 2020లో ఏదో ఒక త్రైమాసికంలో ఆదాయం 2019లో అదే త్రైమాసికం కంటే 25 శాతం తగ్గాలి. మన నమూనా దుకాణానికి 2019 ఏప్రిల్ నుంచి జూన్ దాకా తిండి, తాగుడు 47,500, మెషీన్ల వాటా 26,250, మొత్తం 73,750. 2020లో అదే మూడు నెలలు మెషీన్ల ఆదాయం సున్నా. తిండి అమ్మకం ఒక్క డాలరు తగ్గలేదనుకున్నా 35.6 శాతం పడిపోయినట్టే. ఏప్రిల్లో వాళ్ళను బయటికి నెట్టిన ఆదాయమే జనవరిలో లోపలికి తీసుకొచ్చింది. రెండేళ్ళ లెక్కల్లోనూ బార్ వాటానే రాయాలి; ఒక ఏడాది నెట్ టెర్మినల్ ఇన్‌కమ్, ఒక ఏడాది వాటా రాస్తే అంకె పనికిరాదు. మొదటి అప్పు అందనివాళ్ళకు కూడా అప్పుడు మళ్ళీ అవకాశమిచ్చారు, 2021 మే 31 దాకా.

ఇక్కడ వ్యాపార కోడ్ (ఏ రకం వ్యాపారమో చెప్పే అంకె) ముఖ్యం. 72తో మొదలయ్యే కోడ్ ఉన్న తిండి, బస వ్యాపారాలకు రెండోసారి 2.5 బదులు 3.5 రెట్లు ఇచ్చారు. మన దుకాణానికి 35,000 బదులు 49,000. బార్ అయితే 722410, పూర్తి రెస్టారెంట్ అయితే 722511. ఇతర జూదం వ్యాపారాల కోడ్ 713290. చూసేది టాక్స్ రిటర్న్ మీదున్న కోడ్‌నే. మెషీన్ల ఆదాయం ఎక్కువని ఎవరో 713290 వేసి ఫైల్ చేసిన బార్‌కు 14,000 పోయాయి. మొదటి విడతలో కొన్ని బ్యాంకుల వెబ్‌సైట్లు ఆ కోడ్ చూసే తిప్పి పంపాయి కూడా. మద్యం, తిండి అమ్మకమే పెద్ద భాగమైతే 722 కోడే సరైనది, రిటర్న్ వేసేటప్పుడే చూసుకోవాలి. అప్పు కోసం తర్వాత మార్చకూడదు.

కాగితాల విషయం ఒకటుంది. పీపీపీ మోసాల మీద కేసు పెట్టే గడువును 2022 ఆగస్టు 5న సంతకమైన చట్టం 10 ఏళ్ళకు పెంచింది. మాఫీ అయిపోయిందని పెట్టె పారేయకండి. 2019 గేమింగ్ బోర్డు నెలవారీ నివేదికలు పన్నెండు, ఆపరేటర్ స్టేట్‌మెంట్లు పన్నెండు, వాటా లెక్క వేసిన కాగితం, ఏప్రిల్ 24 నిబంధన అచ్చు ప్రతి, మాఫీ ఉత్తరం, ఇవన్నీ ఒకే ఫైలులో పెట్టి, 2020 మేలో తీసుకున్న అప్పుకు పైన 'కనీసం 2030 మే దాకా' అని రాసి ఉంచండి.